పానాలు దించేస్తున్నాను: ఒక మారుతీ 800 అప్పగింత డైరీ

ఫిబ్రవరి

ఇన్నాళ్ళూ ఈ డైరీలో కారుకి ఏం పని చేశానో రాసుకున్నాను. ఇక మీదట ఏ పని మానేస్తున్నానో రాస్తాను.

బండి వివరాలు కొత్తవాళ్ళ కోసం: 2004 మోడల్ మారుతీ 800, ఏసీది, ఎంపీఎఫ్ఐ ఇంజన్ (కార్బురేటర్ లేకుండా ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెట్రోలు చిమ్మే రకం), 796 సీసీ, మూడు సిలిండర్లు, ఏపీ 16 నంబరు. ఆయిల్ మార్చడం, ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు, చివరికి టైమింగ్ బెల్టు కూడా విజయవాడ పటమటలో మా ఇంటి పక్క ఖాళీ జాగాలోనే నా చేత్తో చేసుకున్నవే. గేర్‌బాక్సు దించాల్సి వస్తే తప్ప బండికి మెకానిక్ షెడ్డు మొహం చూపించలేదు. ఆటోనగర్ కూతవేటు దూరంలో పెట్టుకుని ఇదేం పిచ్చిరా అని మా బావమరిది ఇప్పటికీ అంటాడు. పిచ్చే మరి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో టర్బైన్ మెయింటెనెన్స్‌లో ఉద్యోగం చేసి రిటైరైనవాడిని, ఇంటి ముందున్న మూడు సిలిండర్ల ఇంజన్ని ఇంకొకడి చేతికి ఇవ్వాలంటే మనసొప్పలేదు.

ఇప్పుడు ఒప్పించాల్సి వస్తోంది. కుడి మోకాలి ఎక్స్‌రే చూసి డాక్టరు గారు గుజ్జు బాగా అరిగిందన్నారు, ఎడమది కూడా అదే దారిలో ఉందట. కుడిచేతి బొటనవేలు మణికట్టుకి కలిసే చోట, అంటే వేలి మొదట్లో ఉండే కీలు కూడా అరిగింది. పొద్దున లేవగానే బిగుసుకుపోయి పది నిమిషాలు అటూ ఇటూ తిరిగితే వదులుతుందని చెప్తే, అయితే ఇది వయసు అరుగుదలే, కీళ్ళవాతం అయితే అంత తొందరగా వదలదు అన్నారు. గొంతుక్కూర్చోవద్దు, నేల మీద కూర్చోవద్దు, తొడ కండరాల ఎక్సర్‌సైజు మాత్రం మానొద్దు అన్నారు. కారు కింద పడుకోవచ్చా అని అడిగాను. "పడుకోవచ్చు, లేవగలిగితే" అన్నారు. మంచి మనిషి.

బండి అమ్మేయొచ్చు కదా అని మా అమ్మాయి. పదిహేనేళ్ళు నిండిన సొంత కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాస్తా 5,000 అయింది, పోయినేడాది అది కట్టి, ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకి రెన్యువల్ చేయించాను. అంటే 2029 దాకా బండి రోడ్డు మీద తిరగొచ్చు. బండికి ఓపిక ఉంది, నాకే లేదు. కాబట్టి బండి ఉంటుంది, పని చేతులు మారుతుంది.

ఎలా మారాలో మా స్టేషన్ అలవాటే గుర్తొచ్చింది. షిఫ్ట్ దిగేవాడు లాగ్‌బుక్‌లో రాసి, ఎక్కేవాడికి నోటితో చెప్పి, వాడు సరేనన్నాకే గేటు వైపు నడవాలి. మధ్యలో వదిలేసి వెళ్ళడం ఉండదు. అందుకే పనులన్నీ ఒక కాగితం మీద రాసి, కష్టం తేలిక అని కాకుండా ఏ పని ఏ కీలు మీద పడుతుందో దాన్నిబట్టి విడదీశాను. మోకాలి పనులు, వేలి పనులు, నడుం పనులు, చివర్లో కన్నూ చెవీ ముక్కూ చేసే పనులు. ఈ చివరి వరస నాదే, ఎవడికీ ఇవ్వను.

మార్చి

ఆయిల్ మార్చాలి. కింద పడుకుని చేసే మార్పు ఇదే చివరిదని అనుకునే మొదలుపెట్టాను.

కొత్తగా చేసేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే ఒక మాట: జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందకి తల పెట్టకండి, ఎంత తొందరున్నా సరే. కింద ఇనప స్టాండ్లు పెట్టి, బండిని వాటి మీదకి దించి, ఒకసారి గట్టిగా ఊపి చూసి, అప్పుడు దూరాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు అసలు వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

దూరడం తేలిగ్గానే ఉంటుంది, మనిషి గోనెపట్టా మీద వెల్లకిలా పడుకుని జరిగితే చాలు. డ్రెయిన్ నట్టుని రింగ్ పానాతో ఒక చుట్టు వదులు చేశాక పానా పక్కన పెట్టి వేళ్ళతోనే తిప్పుతాను. తిప్పుతున్నంతసేపూ నట్టుని పైకి నొక్కి పట్టి ఉంచాలి. అలా పట్టుకుంటే మరలన్నీ విడిపోయినా చుక్క కారదు, చివరన ఒక్కసారిగా చెయ్యి పక్కకి లాగితే నల్లటి ధార నేరుగా పళ్ళెంలో పడుతుంది, మోచేతి దాకా కారదు. ఈ ఒక్క కిటుకు కోసం కుర్రతనంలో ఎన్ని చొక్కాలు పాడు చేసుకున్నానో. ఈసారి చూస్తే ఆ నొక్కి పట్టే పనే బొటనవేలు చేయలేకపోయింది. మోకాలి పని అని కాగితం మీద రాసుకున్నది తీరా దిగాక వేలి పనిగా తేలింది. అరచేతి మడమతో ఎలాగో నెట్టుకొచ్చాను.

వాచర్ కొత్తది వేశాను, నట్టు బిగించాను, ఫిల్టర్ రబ్బరు రింగుకి కొత్త ఆయిల్ రాసి చేత్తో బిగించాను. అదంతా మామూలే.

లేవడం దగ్గరకొచ్చింది అసలు కథ. ఎడమవైపు దొర్లి, మోచెయ్యి ఆనించి, బంపర్ పట్టుకుని, మంచి మోకాలు కింద ఆన్చి... నాకు మంచి మోకాలంటూ లేదని అప్పుడు గుర్తొచ్చింది. మా ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పక్కన పెట్టింది. దాని సీటు మీద రెండు ముంజేతులూ ఆనించి లేచాను. ఏమీ అనలేదు తను. అనకపోవడమే ఎక్కువగా వినబడింది.

కింద దూరకుండా ఆయిల్ తీసే చేతిపంపు ఒకటి దొరుకుతుంది. ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నటి ట్యూబు దించి, వేడి ఆయిల్ని పైనుంచే లాగేస్తుంది. తెలిసినాయన దగ్గర అరువు తెచ్చి ఒకసారి నీళ్ళ బకెట్టులో, ఒకసారి స్కూటర్ ఆయిల్ మీద వాడి చూశాను. మోకాలికి హాయిగా ఉంది, కానీ పంపు కొట్టీ కొట్టీ బొటనవేలు వాచింది. పైగా సంపు, అంటే ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి, అడుగున పేరుకున్న మడ్డి అందులోంచి రాదు. ఆ మడ్డి పోవడానికే కదా ఆయిల్ మార్చేది? తిరిగి ఇచ్చేశాను.

నిర్ణయం: ఆయిల్, ఫిల్టర్ షెడ్డుకి.

ఏప్రిల్

చక్రాలు. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చే పని. అందరూ ఇదే బరువు పని అనుకుంటారు, నేనూ ముందు ఇదే మానాలేమో అనుకున్నాను. చక్రానికి నాలుగే నట్లు, పన్నెండు అంగుళాల రిమ్ము, ఇవాళ్టి కార్ల పక్కన పెడితే బొమ్మ చక్రం.

బలం కావాల్సిన పనుల్లో ముసలివాడికి ఒక వెసులుబాటు ఉంది, బలం లేకపోతే పొడవు వాడొచ్చు. 30 సెంటీమీటర్ల పానాకి గొట్టం తొడిగి 90 చేస్తే అదే నట్టు మూడోవంతు బలానికి వదులైపోతుంది. గొట్టం చివర చేత్తో లాగక్కర్లేదు, నిలబడి కాలు ఆనించి ఒళ్ళు బరువు వేస్తే చాలు. టక్ మని వదిలింది నాలుగోది కూడా. బిగించేటప్పుడు మాత్రం గొట్టం తీసేయాలి, లేకపోతే మన ఒళ్ళు బరువుకి నట్టు ఎక్కే మర కడ్డీ, అదే స్టడ్డు, తెగుతుంది. చక్రాన్ని ఎత్తి స్టడ్ల మీద కూర్చోబెట్టడానికి చిన్న పీట వేసుకుని కూర్చుని, టైరు కింద గడ్డపార కొన పెట్టి కాలితో లేపాను. అరగంట పని గంటన్నర పట్టింది, అయినా ఎక్కడా నొప్పి లేదు. పీట మీద నుంచి లేవడానికి మాత్రం మళ్ళీ కుర్చీ కావాల్సొచ్చింది.

చక్రాలు ఇంకో ఏడాది నావే అని రాసుకున్నాను. మా ఆవిడ ఆ లైను చూసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

బ్రేక్ ఆయిల్ కూడా ఈ నెలలోనే చూడాలి. అది గాలిలో తేమ పీల్చుకునే రకం, తేమ చేరితే మరిగే వేడి తగ్గిపోతుంది, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడల్ మెత్తబడేది అందుకే. రెండేళ్ళకోసారి మారుస్తాను. దానికి ఇద్దరు కావాలి, ఒకరు చక్రం దగ్గర పాత ఆయిల్ బయటికి వదిలే నిపుల్ దగ్గర, ఒకరు పెడల్ మీద. ఇన్నేళ్ళూ పెడల్ మీద మా ఆవిడే. "తొక్కు... పట్టుకో... ఆ, వదులు" అని ఎడమ వెనక చక్రం దగ్గర మొదలుపెడితే కుడి ముందు చక్రం దగ్గర ముగిసేసరికి ఇద్దరికీ మాటల్లేకుండా పోయేవి. ఈసారి అడిగితే, "నా మోకాలు గురించి నీ కాగితంలో రాశావా?" అంది. రాయలేదు. ఆ పని కూడా షెడ్డు కింద చేర్చాను.

మే

రోళ్ళు పగిలే ఎండలు. బయట పెట్టిన పానా ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటోంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదికి ఆపేయడమే.

ఈ నెల రాయాల్సింది బొటనవేలు గురించి. అసలు నా చేత పానా దింపించింది ఇదే, మోకాలు కాదు. ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ సన్న గొట్టం ఒకటి చెమ్మగిల్లుతోంది, మార్చాలి. దానికి స్ప్రింగు క్లిప్పు ఉంటుంది, రెండు చెవులూ దగ్గరకి నొక్కితే వదులై జరుగుతుంది. నొక్కాను. బొటనవేలి మొదట్లోంచి మోచెయ్యి దాకా కరెంటు కొట్టినట్టయింది. కటింగ్ ప్లేరుతో పట్టుకుంటే ఆ ఇరుకులో జారుతోంది, జారకుండా ప్లేరుని పిండాలంటే మళ్ళీ అదే వేలు.

చేతులకి ఎక్సర్‌సైజు నేర్పే ఫిజియోథెరపిస్టు అమ్మాయి దీనికి లెక్క చెప్పింది. బొటనవేలి కొసా చూపుడువేలి కొసా కలిపి ఒక కిలో బలంతో నొక్కితే, వేలి మొదట్లో ఉండే కీలు మీద పడేది దాదాపు పన్నెండు కిలోలట. అంత చక్రం లొంగి ఇంత క్లిప్పు ఎందుకు లొంగలేదో, ఆ తిరకాసు వినగానే నాకు విడిపోయింది. పొడవాటి గొట్టం నాకు కలిసొచ్చే తులాదండం, బొటనవేలు నాకు ఎదురుతిరిగే తులాదండం, అంతే తేడా. నట్టు ఎంత మొండిదైనా పానా పొడవు పెంచుకోవచ్చు. క్లిప్పు, కనెక్టరు లాకు, ప్లగ్గు టోపీ, స్ప్లిట్ పిన్ను లాంటి చిన్నా చితకా వాటికి పెంచడానికేం ఉంది? రెండు వేళ్ళు పట్టేంత జాగా కూడా ఉండదు అక్కడ. ఎంపీఎఫ్ఐ బండిలో ఎక్కడ చెయ్యి పెట్టినా ముందు ఒక ప్లాస్టిక్ లాకు నొక్కాల్సిందే. కార్బురేటర్ బండి అయితే ఇంకో రెండేళ్ళు లాగేవాడినేమో.

చేసిన సర్దుబాట్లు కూడా రాస్తాను, ఎవరికైనా పనికొస్తాయి. స్క్రూడ్రైవర్ పిడులకి, చిన్న రింగ్ పానాలకి పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగి లావు చేశాను. లావుగా ఉంటే వేళ్ళు అంత ముడుచుకోనక్కర్లేదు, పట్టు జారదు. చాలా తేడా ఉంది, ఇది ముందే చేసుకోవాల్సింది అరవై దాటిన ప్రతివాడూ. బొటనవేలుకి పట్టీ కూడా ఇచ్చారు, దాన్ని వేసుకుంటే నొప్పి తగ్గుతుంది కానీ బానెట్ కింద ఇరుకులోకి చెయ్యి దూరదు. నొప్పి మందు రాసుకుని పని చేయడం మాత్రం వద్దు. జెల్ పూస్తే వేళ్ళు జారతాయి, అదీకాక నొప్పి చెప్పాల్సింది చెప్పకుండా పోతుంది.

గొట్టం మార్చలేదు. క్లిప్పు దగ్గర గుడ్డ చుట్టి, నీళ్ళ బాటిల్ లెవెల్ మీద పెన్నుతో గీత గీసి, రోజూ చూస్తూ ఉన్నాను. గీత దిగలేదు.

జూన్

మెకానిక్కుని వెతకడం. ఆటోనగర్లో షెడ్లకి కొదవా? లారీ బాడీలు కట్టేవాళ్ళ దగ్గర్నుంచి సెల్ఫ్ మోటారు చుట్టేవాళ్ళ దాకా గీసుకుంటూ, కొట్టుకుంటూ వీధికో రకం. 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా దాని సామాన్లు ఇక్కడ ఇంకా పప్పుబెల్లాల్లా దొరుకుతున్నాయి. దొరకనిది నా నిబంధనలకి ఒప్పుకునే మనిషి. నాకు కావాల్సింది, నేను పక్కన నిలబడి చూస్తానంటే విసుక్కోనివాడు.

పరీక్షకి ముందు బ్రేక్ ప్యాడ్ల పని పెట్టుకున్నాను. నిజంగానే అరిగాయి కూడా.

మొదటి షెడ్డులో కుర్రాడు ప్యాడ్లని పట్టి ఉంచే కాలిపర్ విప్పి అలాగే కిందకి వేలాడదీశాడు, దాని బరువంతా రబ్బరు గొట్టం మీదే. ప్యాడ్లు విప్పక ముందే "బాబూ, బిగించెయ్, తర్వాత వస్తాను" అన్నాను. నేను మొహం చూసి మాట్లాడే మనిషినే, కానీ బ్రేకు గొట్టం దగ్గర మొహమాటం ఉండదు.

రెండో చోట మేస్త్రీకి నలభై దాటి ఉంటాయి. కాలిపర్ విప్పగానే జేబులోంచి బైండింగ్ వైరు తీసి స్ప్రింగుకి కట్టాడు. చెప్పకుండానే. అక్కడే నాకు సగం కుదిరిపోయింది. పాత ప్యాడ్లు పారేయకుండా నా ముందు పెట్టి, "చూడండి బాబాయ్ గారూ, లోపలిది ఎక్కువ అరిగింది, పిన్ను జారట్లేదు" అని పిన్నులు తీసి శుభ్రం చేసి గ్రీజు పెట్టాడు. చక్రం నట్లు ముందు వేళ్ళతోనే నాలుగు చుట్లు తిప్పి, తర్వాత ఎదురెదురుగా బిగించాడు. నట్లు తిప్పే గన్ను మెషిను వాడాడు, అది నాకు గిట్టదు. అడిగితే, "గన్ను దగ్గరకి లాగడానికే, చివరి పట్టు చేత్తోనే" అని పానా వేసి చూపించాడు. సరే.

నా చేతి పట్టీ చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. తన కుడి మణికట్టు తిప్పి చూపించాడు, గన్ను పట్టుకునే చెయ్యి. "పొద్దున్నే టీ గ్లాసు ఎడం చేత్తో పట్టుకుంటాను బాబాయ్ గారూ. మీరు సరదాకి చేశారు, మేం పొట్టకి చేస్తున్నాం, మాకు ఇంకా ముందే వస్తుంది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. సైకిల్ ట్యూబు సంగతి చెప్పాను. నవ్వాడు కానీ, పక్కనున్న పంక్చర్ షాపులోంచి పాత ట్యూబు అడిగి తెప్పించాడు.

జులై

లాగ్‌బుక్ అప్పగించాను. పాత ఆఫీసు డైరీలో రాసిచ్చినవి ఇలాంటివి: మూడో ప్లగ్గు ఎప్పుడూ చేత్తోనే మొదలుపెట్టాలి, అల్యూమినియం మర, ఏటవాలుగా ఎక్కిందంటే ఇంజన్ హెడ్డు పోతుంది. ఎడమ వెనక నిపుల్‌కి రింగ్ పానా తప్ప వేరేది పెట్టొద్దు, మూలలు గుండ్రబడ్డాయి. బండి చల్లగా ఉన్నప్పుడు వాల్వుల దగ్గర టాపెట్లు కాస్త చప్పుడు చేస్తాయి, అది జబ్బు కాదు, వేడెక్కాక కూడా చేస్తే అప్పుడు చూడాలి. ఆల్టర్నేటర్ బెల్టు ఎప్పుడు మార్చింది, ఏ కంపెనీది వేసింది. మేస్త్రీ చివరి దాకా చదివి పేజీలు ఫోనులో ఫొటోలు తీసుకున్నాడు. "ఇంత రాసి ఇచ్చిన కస్టమర్ని చూళ్ళేదు" అన్నాడు. మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలియలేదు. రెండూ అయి ఉంటాయి.

కూలెంట్ గొట్టం ఆ రోజే మార్చాడు. క్లిప్పు తీయడానికి వాడిది పొడవాటి కేబుల్ ప్లేరు, చివర కొక్కెంతో క్లిప్పుని నొక్కి అక్కడే లాకు వేస్తుంది. రెండు సెకన్లు. అలాంటిది ఉంటుందని నాకు తెలుసు, ఈ వయసులో కొనడం దేనికని ఊరుకున్నాను. చేతిలో పట్టుకుని చూస్తే కొనాలనిపించింది, డైరీలో ఈ మాట మా ఆవిడ చదవకూడదు.

సామాన్లు. మా మేనల్లుడి కొడుకు ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ చేస్తున్నాడు. తపారియా రింగ్ పానాల సెట్టు, ఆరు-ఏడు నుంచి ఇరవై-ఇరవైరెండు దాకా ఎనిమిదీ, వాడికిచ్చాను. పదహారు-పదిహేడు దాని మీద నంబరు అరిగి కనబడదు, ఎక్కువ వాడింది అదే. స్టాండ్లు రెండూ, సన్న సందులు కొలిచే ఫీలర్ గేజీ, గొట్టం పానాలు కూడా. వాడు బుల్లెట్టుకి పనికొస్తాయా తాతయ్యా అని అడిగాడు. స్టాండ్లు పనికిరావు, మిగతావి వస్తాయి అన్నాను. ఇచ్చేటప్పుడు బాధగా ఉంటుందని అందరూ అంటారు, నాకైతే స్టాండ్లు పోయినందుకు హాయిగా ఉంది. అవి ఇంట్లో ఉన్నంతకాలం ఏదో ఒక ఆదివారం కింద దూరేవాణ్ణి.

ఉంచుకున్నవి: టైరు గాలి మీటరు, మల్టీమీటరు, తలకి పెట్టుకునే లైటు, ట్యూబు తొడిగిన స్క్రూడ్రైవరు, చక్రం పానా, గొట్టం, ఆ పీట.

ఆగస్టు

ఇప్పుడు నా డ్యూటీ ఇలా నడుస్తోంది. పొద్దున స్టార్ట్ చేయకముందు మల్టీమీటరు పెడితే బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, ఇంజన్ తిరుగుతుంటే 14 అటూ ఇటూ. డిప్‌స్టిక్ తీసి లెవెల్ చూసి, వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూస్తాను. పెట్రోలు వాసనొస్తే మేస్త్రీకి ఫోను. కూలెంటు గీత. బండి కింద నేల మీద మరక ఏమైనా ఉందా, ఉంటే ఏ రంగు. టైర్ల గాలి పీట మీద కూర్చునే చూస్తాను, వాల్వు టోపీలు తీయడం మాత్రం చూపుడువేలికీ మధ్యవేలికీ నేర్పించాను, బొటనవేలుకి సెలవు.

పెండింగ్ ఒకటే. టైమింగ్ బెల్టు. లక్ష కిలోమీటర్లకి మార్చే బెల్టు అది. మొదటిది నేనే మార్చాను, క్రాంకు మార్కూ క్యాము మార్కూ కలిపి, రెండు చుట్లు చేత్తో తిప్పి మళ్ళీ సరిచూసి. రెండోది ఇప్పుడు ఇంచుమించు గడువుకి వచ్చింది. బెల్టు, టెన్షనర్ బేరింగు కొని మేస్త్రీకి ఇచ్చాను. అంత విప్పాక వాటర్ పంపు కూడా మార్చేద్దామని నేను, అది బాగానే ఉంది డబ్బులు దండగ అని అతను. డబ్బులు మిగల్చమని వాదించే మెకానిక్కు దొరకడం అదృష్టమే కానీ, పంపు తర్వాత కారితే మళ్ళీ అంతా విప్పాలి కదా. ఫోనులో తెగలేదు. విప్పాక చూసి తేలుద్దామన్నాడు. పంపు షాఫ్ట్ పట్టుకుని ఊపితే ఆట ఉందో లేదో తెలుస్తుంది, ఆ ఊపేది నేనే అని చెప్పాను. దానికి బొటనవేలు అక్కర్లేదు. శనివారం పొద్దున తొమ్మిదికి రమ్మన్నాడు.